రుద్రయ్య కుబుసం

పాము దినచర్య పుస్తకం. గది: ఉత్తర వరస 14. సంరక్షకుడు: చింతగుంట నరహరి, వయసు 78, విత్తనాల విభాగంలో పనిచేసి రిటైరైనవాడు. పాము: జెర్రిపోతు. పేరు: రుద్రయ్య. లింగం: మగ.

(“రిమార్కుల గడి చాలకపోతే వెనకవైపు రాయవచ్చు” అని పుట అడుగున అచ్చువేయించిన అజ్ఞాత వ్యక్తికి నా కృతజ్ఞతలు. ఈ స్థావరంలో నాకు దొరికిన న్యాయం అదొక్కటే.)

గరిసె సంవత్సరం 41, దినం 171

బరువు: ఒక కిలో తొమ్మిది వందలు. తిండి: లేదు. కుబుసం: లేదు.

రిమార్కులు: రుద్రయ్య భోజనం మానేసి మూడు వారాలైంది. పొద్దున తొమ్మిదో గిడ్డంగిలో పట్టిన ఎలుకను ముందు పెట్టాను. సన్నబియ్యం తిని బలిసిన ఎలుక. దాన్ని ముక్కుతో పక్కకు నెట్టి, నా మడతకుర్చీ కిందకు పోయి పడుకున్నాడు. తినకపోయినా నాలుగు వందల గ్రాములు పెరిగాడు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. నలభై ఏళ్ళుగా నేను తిన్నవి అవమానాలే. అయినా పొట్ట వచ్చింది.

దీన్ని వైరాగ్యంగా నిర్ధారిస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా నాతో ఉంటున్నాడు. నేను పైకి చదివే పుస్తకాలన్నీ అతని సమక్షంలోనే చదువుతాను. చెవుల్లేవు కాబట్టి మధ్యలో అడ్డురాడు. ఇంత మంచి శ్రోత ఈ ఆరువందల మందిలో ఇంకొకరు లేరు.

ఈ పుస్తకాన్ని నెలాఖరున అధ్యక్షుల కార్యాలయం తనిఖీ చేస్తుంది. అంటే అధ్యక్షుడు ఉప్పులూరి కోదండపాణి చదువుతాడు, లేదా ఎవరిచేతనో చదివించుకుంటాడు. కోదండపాణీ, నీ గదికి చల్లగాలి సరిగా తగలడం లేదని గాలిగొట్టాల జాలీలన్నీ తీయించావు కదా. అప్పటినుంచి నా గదిలోకి ఊక వచ్చి పడుతోంది. నీ గది చల్లబడిందని విన్నాను. సంతోషం.

(ఎదురుపడితే మీరు అంటాను. పుస్తకంలో నువ్వు అనే అంటాను. నాకన్నా మూడు నెలలు చిన్నవాడు.)

దినం 190

బరువు: ఒక కిలో నాలుగు వందలు. తిండి: రెండు ఎలుకలు. కుబుసం: లేదు.

రిమార్కులు: రెండు రోజులుగా రుద్రయ్య జాడ లేదు. ఈ ఉదయం వంటగట్టు వెనక గాలిగొట్టంలోంచి తల బయటపెట్టాడు. ఉన్నట్టుండి అయిదు వందల గ్రాములు ఎక్కడ పోగొట్టుకొచ్చాడో అర్థం కాలేదు. ఒక ఎలుకను మింగి, రెండోదాని కోసం నా కాలి చుట్టూ తిరిగాడు. అది కూడా మింగి మళ్ళీ గొట్టంలోకే వెళ్ళాడు. ఆ గొట్టం ధాన్యం ఆరబెట్టే యంత్రం పక్కనుంచి పోతుంది. వెచ్చగా ఉంటుంది.

పదిహేనో గది మంగతాయారు ఊరగాయ పంచడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడకు పాములంటే భయం. అయినా చూడటం మానదు.

“ఏంటన్నయ్యగారూ, మీవాడు బాలింతలా తింటున్నాడు?”

“వైరాగ్యం ముగిసిందమ్మా.”

“అలాగా. మా పెద్దక్కకీ ఇలాగే ముగిసేది, ప్రతి కాన్పుకీ.”

ఆవిడ పోలికలు నాకెప్పుడూ నచ్చవు. ఊరగాయలో ఉప్పు ఎక్కువైంది.

దినం 203

బరువు తూచలేదు. కారణం కింద.

రిమార్కులు: ఊక దులపడానికి గొట్టంలోకి దూరిన పారిశుద్ధ్య సిబ్బంది నా వంటగట్టు వెనక పదకొండు గుడ్లు చూశారు. తెల్లగా, కోలగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటి చుట్టూ రుద్రయ్య చుట్టుకుని పడుకుని ఉన్నాడట. దగ్గరికి పోతే బుసకొట్టాడట.

గంటలో కోదండపాణి గొంతు మైకులన్నిటిలో మోగింది. చెప్పినదాని సారాంశం ఇది. జెర్రిపోతుల్లో ఆడవి ఉండవు. ఇది అందరికీ తెలిసిన విషయం. జెర్రిపోతు జతకట్టేది ఆడ నాగుపాముతో. ఇదీ అందరికీ తెలిసిన విషయమే. మన గరిసెలో ఎలుకలు పట్టడానికి పెంచుతున్న మూడువందల పన్నెండు పాములూ జెర్రిపోతులే, మగవే. గుడ్లు ఉన్నాయి కనుక, ఎక్కడో ఒక ఆడ నాగుపాము నక్కి ఉంది. ప్రజలు మంచాల మీద నుంచి కాళ్ళు దించేముందు కిందకి చూసుకోవాలి.

అంతే. భూమికి నాలుగువందల కిలోమీటర్ల ఎత్తున, గుండ్రంగా తిరిగే ‘గరిసె’ అనే ఈ ఇనప గాదెలో కూర్చుని కింది ప్రపంచం బియ్యానికి కాపలా కాస్తున్న విద్యావంతులు ఆరువందల మంది, ఎవరూ చూడని నాగుపాము కోసం కర్రలు పట్టుకుని బయల్దేరారు. నడవల్లో పాల గిన్నెలు పెట్టారు. మైకుల్లో నాదస్వరం వేశారు. ఆ పాలు ఎలుకలు తాగాయి.

స్థావరం బాగోగులు చూసే యంత్రం ఒకటి ఉంది. ‘పెద్దబుర్ర’ అంటారు. దాన్ని అడిగారు. “మూడువందల పన్నెండు పాములూ మగవే. నమ్మకం: నూటికి నూరు” అంది. దానికి ఎలా తెలుసు? మన రిజిస్టర్లు చదివింది. రిజిస్టర్లలో ఎవరు రాశారు? మనమే. అద్దం ముందు నిలబడి సలహా అడిగినట్టుంది.

ఇక అసలు సంగతి. ఉత్తర్వు నంబరు 77: నాగుపాము పిల్లలు విషప్రాణులు కాబట్టి ఆ పదకొండు గుడ్లనూ, వాటికి తండ్రి అయిన జెర్రిపోతునూ 215వ దినాన చెత్త తలుపు గుండా బయటకు వదిలేస్తారు. బయట అంటే ఆకాశం. అక్కడ గాలి లేదు.

నలభై ఒక్క ఏళ్ళ కిందట, మొదటి పాముల బుట్టలు కింద సముద్రపొడ్డున రాకెట్లోకి ఎక్కించేటప్పుడు, నేను పంతొమ్మిది పుటల నోటు రాశాను. ‘పాముల లింగ నిర్ధారణ: జాగ్రత్తలు’. జెర్రిపోతుల్లో ఆడవీ మగవీ రెండూ ఉంటాయనీ, ఎక్కించేముందు తెలిసినవాళ్ళచేత పరీక్ష చేయించాలనీ, పెనవేసుకుని లేచి ఆడే జంటను చూసి ఆలుమగలనుకోవద్దనీ, అవి కుస్తీపడే రెండు మగపాములనీ వివరంగా రాశాను. అప్పటి మా సెక్షన్ పెద్ద ఉప్పులూరి కోదండపాణి మొదటి పుట మార్జిన్లో ఆకుపచ్చ సిరాతో రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు: “జెర్రిపోతుల్లో ఆడవి ఉండవు. పసిపిల్లలకు కూడా తెలుసు. ఫైలు మూసేయండి.” ఆ వారమే రెండు పాములు పెనవేసుకుంటే వాటిమీద కొత్త పంచె కప్పి, దండం పెట్టి, ఆ పంచెను దాచుకున్నాడు. కుస్తీ పోటీకి పంచె బహుమతి ఇచ్చిన మొదటి మనిషి అతనే అయ్యుంటాడు. మరుసటి నెల అతనికి ప్రమోషన్ వచ్చింది. నాకు విత్తనాల విభాగానికి బదిలీ వచ్చింది.

ఇంతవరకు రాసి, ఈ పుస్తకం మొదటి పుట తిప్పాను. ‘లింగం: మగ.’ దస్తూరీ నాదే. తొమ్మిదేళ్ళ కిందట, కింది నుంచి వచ్చిన బుట్ట విప్పగానే చేతిని కరిచాడు. అంత కోపం చూసి మగవాడే అనుకున్నాను, నాలాంటివాడే అనుకున్నాను. పంతొమ్మిది పుటలు రాసినవాడిని, ఒక్క పామును చూసుకోలేదు.

ఈ పుట కోదండపాణి చదవకుండా ఉంటే బాగుండును. కానీ పుటలకు నంబర్లున్నాయి.

దినం 204

రిమార్కులు: అధ్యక్షుల గదికి వెళ్ళాను. నిజంగానే చల్లగా ఉంది. కుర్చీ వెనక గోడమీద అద్దం కట్టించిన ఏడడుగుల కుబుసం. అది కోదండపాణి పాము చక్రవర్తిది. ముక్కు నుంచి తోక దాకా చిరగకుండా వచ్చింది కాబట్టి అదృష్టమట. చక్రవర్తి మేజా మీద కాగితాల పక్కన పడుకుని ఉన్నాడు. నెత్తిమీద బంగారు రంగు చుక్క. దాన్ని కూడా నేను లిఖితపూర్వకంగా వ్యతిరేకించాను.

“ఏమయ్యా నరహరీ, నీ పాము సంసారం పెట్టిందట?”

“మీ గొట్టాలగుండానే పెట్టిందండీ.”

“అంటే?”

“ఆ గుడ్లు పెట్టింది నాగుపాము కాదు. రుద్రయ్యే. ఆడపాము.”

కోదండపాణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. “రుద్రయ్య ఆడది. మరి నువ్వు?”

పక్కనున్న గుమస్తాలు నవ్వారు. నవ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం.

“సరే, నేను మూర్ఖుణ్ణి కాను” అన్నాడు. ఆ విషయంలో మాకు అభిప్రాయభేదం ఉంది. “ఆడదని తేలిస్తే ఉత్తర్వు రద్దు చేస్తా. 215వ దినం మధ్యాహ్నం వరకు గడువు. తేల్చెయ్. ఇదిగో, పనిముట్టు కూడా నేనే ఇస్తా.”

సొరుగులోంచి తీసి మేజా మీద పెట్టింది, బస్తాలోకి గుచ్చి బియ్యం నమూనా లాగే ఇనప గొట్టం. బొటనవేలంత లావు. మొన పదును.

“తోక మొదట్లో గుచ్చి చూడటమేగా? లోతుగా పోతే మగ, పోకపోతే ఆడ. నీ నోటులో పదకొండో పుటలో రాశావు.”

నోటు చదివాడన్నమాట! పదకొండో పుట దాకా చదివాడు. చదివి మరీ మూయించాడు. నలభై ఒక్క ఏళ్ళు నేను అతన్ని చదవనివాడని తిట్టుకున్నాను. తిట్టు మార్చుకోవాలి.

పన్నెండో పుట చదవలేదని మాత్రం తెలుస్తోంది. అందులో ఇలా రాశాను: వాడేది మొన గుండ్రంగా ఉన్న, సూదికన్నా కొంచెం లావైన సలాక. దానికి జారుడు పూత పూయాలి. పాము శరీరం సాంతం ఆనించి పట్టుకునే మనిషి ఒకరు వేరే ఉండాలి. చేసేవాడు ముందు అనుభవజ్ఞుడి చేతుల్ని చూసి నేర్చుకుని ఉండాలి. కొంచెం బలం ఎక్కువైతే లోపల చిరుగుతుంది. చిరిగితే ఆ పాము ఆడైనా మగైనా ఒకటే, ఎక్కువ రోజులు ఉండదు. తోక మొదట్లో బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి పుట్టి కొద్దిరోజులైన పిల్లలకే, అదీ తెలిసినవాళ్ళ చేతిలోనే. పెద్దపాముకు అలా చేస్తే నడుము విరిచినట్టే.

గొట్టాన్ని మేజా మీదే వదిలి వచ్చేశాను.

దినం 205

రిమార్కులు: డాక్టర్ నస్రీన్ మనుషుల డాక్టరు. మొత్తం స్థావరానికి ఆవిడ ఒక్కరే. సన్నటి గుండ్రటి సలాక ఆవిడ దగ్గరుంది. చేస్తారా అని అడిగాను.

“చెయ్యను పెద్దాయనా.”

“పుస్తకంలో బొమ్మతో సహా ఉందమ్మా.”

“పుస్తకంలో ఆపరేషన్లు కూడా ఉంటాయి. బొమ్మ చూసి మీకు చేసేస్తే ఊరుకుంటారా? ఒక్కసారైనా కళ్ళతో చూడని పని ప్రాణమున్నదాని మీద చెయ్యను.”

నన్ను ఎదిరించి, అదీ సరైన కారణంతో ఎదిరించిన మనిషి ఈ స్థావరంలో ఆవిడే. కోపం వచ్చింది, గౌరవమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఈ వయసుకు మంచిది కాదు.

నొప్పి లేని పద్ధతులు చూశాం. రుద్రయ్యను మేజా మీద చాచి, నేను ఒళ్ళంతా ఆనించి పట్టుకుంటే, డాక్టరు దారంతో కొలిచింది. మగవాటికి తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది. ఆడవాటికి మొదట్లోనే సన్నబడిపోతుంది. రుద్రయ్యది మరీ పొడుగూ కాదు, మరీ పొట్టీ కాదు. తోక కింద పొలుసులు లెక్కపెట్టాం. నాకు నూట ఎనిమిది వచ్చాయి, ఆవిడకు నూట పదకొండు. పుస్తకం ప్రకారం రెండు అంకెలూ ఆడకీ సరిపోతాయి, మగకీ సరిపోతాయి. మూడోసారి లెక్కపెడుతుంటే రుద్రయ్య నన్ను కరిచాడు. న్యాయమే.

అయోడిన్ రాస్తూ డాక్టరే అంది: “కుబుసం విడిస్తే పామును ముట్టుకోనక్కర్లేదు కదా? మీ విత్తనాల సెక్షన్లో బొప్పాయి యంత్రం ఉంది కదా?”

నలభై ఏళ్ళు ఆ యంత్రం పక్కనే పనిచేశాను. బొప్పాయి మొక్క ఆడదో మగదో ఆకు ముక్క వేసి చెబుతుంది. కుబుసం కూడా ఒంటి ముక్కే. నాకు తట్టలేదు.

కానీ రుద్రయ్య కుబుసం విడిచి రెండు నెలలు దాటింది, అది అప్పుడే చెత్తలో పోయింది. ఇంకా పది రోజులే ఉన్నాయి. కుబుసం నా ఉత్తర్వు మీద ఊడిరాదు.

దినం 207

తిండి: మానేశాడు. కుబుసం: లేదు.

రిమార్కులు: మంగతాయారు దారానికి ఉంగరం కట్టుకుని వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళమీద వేలాడదీస్తే, గుండ్రంగా తిరిగితే ఆడపిల్లట, అటూ ఇటూ ఊగితే మగపిల్లాడట.

“గుండ్రంగా తిరుగుతోందండీ అన్నయ్యగారూ! ఆడదే!”

“స్థావరమే గుండ్రంగా తిరుగుతోందమ్మా. ఉంగరం ఇంకేం చేస్తుంది?”

కావాలని అదే ఉంగరాన్ని నా నెత్తిమీద వేలాడదీసింది. నాకూ గుండ్రంగానే తిరిగింది. “పోన్లెండి, మీ రహస్యం నా దగ్గరే ఉంటుంది” అని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక గమనించాను. రుద్రయ్య కళ్ళు పాలు పోసినట్టు మసకబారాయి. కుబుసం విడిచేముందు అలా అవుతాయి! నేను గట్టిగా అరిచానట. నాగుపాము దొరికిందనుకుని పక్క వరసవాళ్ళు కర్రలతో వచ్చారు. అందరికీ చల్లటి మజ్జిగ ఇచ్చి పంపించాను.

ఈ దశలో పాముకు చూపు సరిగా ఆనదు. ముట్టుకోకూడదు. నేను దూరంగా కూర్చుని చదువుకున్నాను. పైకి కాదు, మనసులో.

దినం 211

కుబుసం: లేదు.

రిమార్కులు: కళ్ళు తేటపడ్డాయి. అంటే ఇంకో మూడు నాలుగు రోజులు. తడిగుడ్డ పరిచిన పెట్టె పెట్టాను, ఒళ్ళు రాసుకోవడానికి గరుకు ఇటుక పెట్టాను. గుడ్ల దగ్గరకూ పెట్టెకూ మధ్య తిరుగుతున్నాడు. ‘తిరుగుతోంది’ అని రాయాలేమో. తేలేదాకా రాయను. తొందరపడి రాస్తే ఏమవుతుందో మొదటి పుటలో ఉంది.

మంగతాయారు గుమ్మంలోంచి: “కాస్త లాగేస్తే పోలా? బంగాళాదుంప తొక్కలాగా?”

“లాగితే కొత్త చర్మం కూడా ఊడుతుందమ్మా. కంటి మీది పొర ఊడితే గుడ్డిదవుతుంది.”

“అయితే వద్దులెండి” అని, గిన్నె గుమ్మంలో పెట్టి, “ఇవాళ ఉప్పు తగ్గించి పెట్టాను, తినండి” అంది. రెండు రోజులుగా నేను వంట చెయ్యలేదని ఆవిడకెలా తెలిసిందో.

ఈ వారంలో పట్టుబడిన నాగుపాముల పట్టిక నడవలో అంటించారు: నీళ్ళ పైపు ముక్క ఒకటి, నడుము బెల్టులు మూడు, విరిగిన వీణ తీగ ఒకటి, అధ్యక్షుల చేతికర్ర ఒకటి. చివరిదాన్ని ఆరుగురు కలిసి కొట్టి విరిచారు.

దినం 214

కుబుసం: విడిచాడు. పొడవు ఆరడుగుల మూడంగుళాలు.

రిమార్కులు: పొద్దున ఇటుకకు ముక్కు రాస్తూ మొదలైంది. పెదవుల దగ్గర పొర విడిపోయి, మేజోడు విప్పినట్టు వెనక్కి మడుచుకుంటూ వచ్చింది. నలభై నిమిషాలు పట్టింది. కింది అంతస్తులో యంత్రం ఆగినా నాకు వినపడేది కాదు.

ఆఖర్న తోక కొస దగ్గర ఒక్క కుదుపు. కొత్త రుద్రయ్య తళతళలాడుతూ అవతలికి వచ్చాడు, పాత రుద్రయ్యను అక్కడే వదిలేసి. ఈ విద్య నాకు రాదు. నలభై ఒక్క ఏళ్ళ కిందటి చర్మం ఇంకా ఒంటిమీదే ఉంది.

కుబుసాన్ని తడి ఆరకముందే పొడుగ్గా పరిచి, శుభ్రమైన కవర్లో పెట్టాను. కవరు మీద తేదీ రెండుసార్లు రాశాను. వయసు.

దినం 215

రిమార్కులు: (వెనకవైపు కూడా చాలలేదు. అదనపు కాగితం జతచేశాను.)

మధ్యాహ్నం సభ. భోజనశాల నిండిపోయింది. వేదిక మీద ఒక పక్క అట్టపెట్టెలో పదకొండు గుడ్లు, వాటిని చుట్టుకుని రుద్రయ్య. పక్కనే చెత్త తలుపు తాళాలు. రెండో పక్క మేజా మీద బొప్పాయి యంత్రం. గోడకు వేలాడాల్సిన చక్రవర్తి కుబుసాన్ని కూడా కోదండపాణి శుభమని తెచ్చి వేదిక మీద నిలబెట్టించాడు. చక్రవర్తి అతని మెడలో ఉన్నాడు.

డాక్టర్ నస్రీన్ రుద్రయ్య కుబుసంలోంచి గోరంత ముక్క కత్తిరించి యంత్రంలో వేసింది. అన్నం ఉడికేంత సేపు పట్టింది. ఆ తరవాత యంత్రం తనకు తెలిసిన ఒకే ఒక్క భాషలో పెద్దగా చెప్పింది: “మగ బొప్పాయి.”

సభ గొల్లుమంది. కోదండపాణి చెయ్యెత్తాడు. “విన్నారుగా! నరహరి యంత్రమే చెప్పింది. తాళాలు తియ్యండి.”

“ఒక్క నిమిషం ఆగండి” అన్నాను. “ఈ యంత్రానికి బొప్పాయి తప్ప ఏమీ తెలియదు. లోపల ఆడా మగా తేల్చే పోగులు, అవే క్రోమోజోములు, రెండు రకాలు కనపడితే మగ అంటుంది, ఒకే రకం కనపడితే ఆడ అంటుంది. బొప్పాయిలో అంతే. పాముల్లో తలకిందులు. రెండు రకాలుంటే ఆడ, ఒకే రకముంటే మగ.”

“ఓహో! నీకు నచ్చకపోతే తలకిందులు!”

“నా మాట వద్దు. మీ అదృష్ట కుబుసం ఉందిగా. చక్రవర్తిది. అందులోంచి గోరంత ముక్క వేసి చూద్దాం.”

కోదండపాణి సందేహించాడు. సభ మొత్తం అతని వైపే చూస్తోంది. “వెయ్యండి” అన్నాడు. “మగతనం అంటే ఏమిటో యంత్రానికి కూడా తెలుస్తుంది.”

డాక్టరు అద్దం విప్పింది. ముక్క కత్తిరించింది. మళ్ళీ అన్నం ఉడికేంత సేపు. చక్రవర్తి కోదండపాణి చెవిని నాలుకతో పరీక్షించాడు.

“ఆడ బొప్పాయి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఎవరో తుమ్మారు.

జీవితమంతా ఎదురుచూసిన నిమిషం. నెమ్మదిగా మాట్లాడాను. “అధ్యక్షులవారూ, మీకు రెండు దారులు. యంత్రం చెప్పింది చెప్పినట్టే నిజమంటారా? అయితే మీ చక్రవర్తి ఆడది. జెర్రిపోతుల్లో ఆడవి ఉన్నట్టే. లేదు, నేనన్నట్టు తలకిందులంటారా? అయితే నా రుద్రయ్య ఆడది. అప్పుడూ జెర్రిపోతుల్లో ఆడవి ఉన్నట్టే. ఎటు చూసినా ఇక్కడ నాగుపాము లేదు. ఏ దారి కావాలో మీరే చెప్పండి.”

కోదండపాణి మెడలోని పామును రెండు చేతులా పట్టుకున్నాడు. మొహం కందిపోయింది. “నా చక్రవర్తి మగవాడు!” అని అరిచాడు. “మగవాడే! ఎవరేమన్నా ఊరుకోను!”

“అయితే రుద్రయ్య?”

“ఆడది! ఆడదే! రాసుకోండి!”

రాసుకున్నారు. ఉత్తర్వు నంబరు 77 రద్దయింది. తాళాలు తీసుకుపోయారు. నేను కూర్చున్నాను.

అక్కడితో ముగిసేది. కానీ మంగతాయారు లేచింది. “మరి తండ్రెవరో అడగరేంటండీ? బంగారు చుక్క పెట్టుకుని మా వంటింటి గొట్టంలోంచి మూడు నెలల కిందట రోజూ వస్తూపోతూ ఉండేవాడు. అధ్యక్షులవారి పామే కదా, ఏదో పనిమీద తిరుగుతున్నాడనుకుని నోరుమూసుకున్నా. జాలీలు తీయించింది కూడా వారేనాయె. అయితే మీరిద్దరూ వియ్యంకులయ్యారన్నమాట!”

సభ సభంతా చప్పట్లు కొట్టింది. వాళ్ళలో సగంమందికి పన్నెండు రోజులుగా నిద్ర లేదు. కోదండపాణి వీపు నిటారైంది. ఓడిపోయినవాడి మొహంలో ఎక్కడినుంచో మగపెళ్ళివారి దర్జా దిగింది. నేను చూస్తుండగానే దిగింది.

“బావగారూ” అన్నాడు. నన్నే! “జరిగిందేదో జరిగింది. వంశం మాది. పిల్లలు మా ఇంట్లోనే పుట్టాలి. తల్లినీ గుడ్లనూ ఇప్పుడే మా గదికి పంపించండి. మాది చల్లటి గది.”

చల్లటి గదిలో గుడ్లు చస్తాయి. తల్లి కోదండపాణి మేజా మీద కాగితాల పక్కన నెత్తిమీద చుక్కతో పడుకుంటుంది. నా గదిలో మడతకుర్చీ కింద ఖాళీ. నేను గెలిచి పోగొట్టుకోబోతున్నాను. పంతొమ్మిది పుటల్లో దీనికి జవాబు లేదు.

“అదేంటండీ!” మంగతాయారు కొంగు బిగించింది. “పచ్చి బాలింతని నెల తిరక్కుండా అత్తారింటికి పంపుతారటండీ ఎక్కడైనా? మొదటి పురుడు పుట్టింట్లోనే. అయిదో నెల వచ్చాక, మీరే మంచిరోజు చూసుకుని, చీర పట్టుకుని రావాలి.”

“ఇది పాము, మంగతాయారమ్మా!”

“ఇందాక వంశం మాదని అన్నప్పుడు పాము కాదేం?”

“ఏ పుస్తకంలో ఉంది ఈ నియమం? చూపించండి.”

“పుస్తకమెందుకండీ? అందరికీ తెలిసిందేగా!”

“అవునవును” అంది సభ. ముసలమ్మలు, గుమస్తాలు, పారిశుద్ధ్య సిబ్బంది, అందరూ. ఎవరూ చెప్పకుండానే ఎవరో పెద్దబుర్రను కూడా అడిగారు. “నమ్మకం: నూటికి నూరు” అంది.

ఆ మాట మీద నలభై ఒక్క ఏళ్ళు యుద్ధం చేసినవాణ్ణి నేను. అందరికీ తెలిసినదాన్ని కూడా పరీక్షించి చూడాలని పంతొమ్మిది పుటలు రాసినవాణ్ణి. లేచి ఖండించాల్సిన బాధ్యత నాదే.

ఖండించలేదు. అట్టపెట్టె చంకనపెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

దినం 252

బరువు: ఒక కిలో ఆరు వందలు. తిండి: బాగా. లింగం: ఆడ. (మొదటి పుటలో కూడా దిద్ది, సంతకం చేశాను. పేరు మార్చలేదు. పిలిస్తే ఎలాగూ వినపడదు.)

రిమార్కులు: పదకొండింటిలో తొమ్మిది గుడ్లు ఈ ఉదయం చీలాయి. పిల్లలు పెన్సిలంత లావు, జానెడున్నర పొడుగు. అన్నిటికీ కోపమే. ఇక దాన్నిబట్టి ఏమీ నిర్ధారించను.

కబురందుకుని వియ్యంకుడు వచ్చాడు. ఊకలో నడిచి వచ్చినందుకు విసుక్కున్నాడు. జాలీలు రేపే పెట్టిస్తానన్నాడు. కుర్చీ ఎత్తు సరిపోలేదన్నాడు. కాఫీలో పంచదార తక్కువన్నాడు, మొదటి గుక్క తాగకముందే. మగపెళ్ళివారు కాబట్టి భరించాను. కూర్చున్నచోటికి ఎదురుగా గోడమీద ఆ పంతొమ్మిది పుటలూ అద్దం కట్టించి పెట్టాను. అతను చూడనట్టు నటించాడు. నేను గమనించనట్టు నటించాను.

“మనవల్ని ఎత్తుకోవచ్చా బావగారూ?”

“కింద చెయ్యి ఆనించి ఎత్తుకోండి. తోక పట్టుకుని వేలాడదీయకండి.”

ఎత్తుకున్నాడు. ఆ పిల్ల తాతగారి వేలిని వెంటనే కరిచింది. రెండు చిన్న రక్తపు చుక్కలు.

కోదండపాణి తెల్లబోయాడు. మెల్లగా కుర్చీలో కూర్చుని, వేలు చూసుకుంటూ, చావు కోసం ఎదురుచూశాడు. నాలో సగం నవ్వింది, సగం గోడ గడియారం చూసింది. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. చావు రాలేదు. ఆఖరి నాగుపాము అలా అతని బుర్రలోంచి బయటికి పోయింది. మిగిలిన కాఫీ తాగేశాడు.

పిల్లలకు కొత్త ఫారాలు తెచ్చాడు, తొమ్మిది. ఇంటిపేరు గడిలో ముందే ‘ఉప్పులూరి’ అని రాసి తెచ్చాడు. దానిమీద మేం గంటసేపు పోట్లాడుకున్నాం. ఆ వివరాలు వేరే కాగితంలో జతచేస్తాను.

తరవాత లింగం గడి వచ్చింది. కలం తీసి నా వైపు చూశాడు. ఆ కలం అందుకుని తొమ్మిదింటిలోనూ నేనే రాశాను: “ఇంకా తెలియదు. మొదటి కుబుసం విడిచాక చూడాలి.”

అతను ఒక్కొక్కటీ చదివాడు. చదవడం నేను చూశాను. జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, ప్రతి ఫారం మార్జిన్లో ఒక్కొక్క మాట రాశాడు.

“సరే.”

తొమ్మిది సార్లు రాశాడు. మళ్ళీ కాఫీ కలిపి, పంచదార ఇంకొక చెంచా ఎక్కువ వేసి ఇచ్చాను.